రుచి చూసే మనిషి

గొడుగుల కొట్టు మూతపడ్డాక ఆ అద్దాల వెనక దుమ్ము తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అలాంటిది ఒకరోజు పొద్దున్నే అద్దాలకి లోపలినుంచి పాత పేపర్లు అంటించేసి, బయట ఒక పసుపుపచ్చ అట్ట వేలాడదీశారు. త్వరలో ఇక్కడ థాయ్ రెస్టారెంట్ తెరుస్తున్నామని. అంతే, ఆ రోజు నుంచి వీధి వీధంతా పుట్టినప్పటినుంచీ పస్తులున్నట్టు తయారైంది. చెప్పులు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళూ, మందుల కొట్టులో నిలబడ్డవాళ్ళూ, అందరిదీ అదే మాట. ఎప్పుడు తెరుస్తారట? ఏం పెడతారట?

అందరికంటే ఎక్కువ తెలిసినవాడు పొడుగు దర్జీ. మెడలో టేపు వేసుకుని, మధ్యాహ్నం భోజనశాలకి వచ్చి కూర్చున్నాడంటే ఇక ఉపన్యాసమే.

"కొబ్బరిపాలు పోసి కూర వండుతారు పిన్నీ. చింతపండూ బెల్లమూ వేసి నూడుల్స్ వేయిస్తారు. పైన వేరుశనగపప్పు దంచి చల్లుతారు. ఒక్క ముద్దలో పులుపూ తీపీ ఉప్పూ కారం నాలుగూ ఒకేసారి తగులుతాయి."

"నువ్వెప్పుడు తిన్నావు నాయనా?" అంది చిన్నామె, నీళ్ళ గ్లాసు పెడుతూ.

"నేను తినలేదు. తిన్నాయనకి ప్యాంటు కుట్టాను. నడుము కొలత రెండుసార్లు మార్చాల్సి వచ్చింది."

చిన్నామె నవ్వింది. నవ్వుతూనే వంటింటి వైపు చూసి నోరు మూసుకుంది. లోపల గరిట చప్పుడు ఆగిపోయింది మరి. తోటికోడలు వింటోంది.

గొడుగుల కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉన్న ఈ భోజనశాల తోటికోడళ్ళిద్దరిదీ. అన్నదమ్ములు బస్సు డిపోలో మెకానిక్కులుగా ఉన్న రోజుల్లో అత్తగారు మొదలుపెట్టింది. డిపో వాళ్ళకి అన్నం, ఒక కూర, ఒక చారు, అంతే. అత్తగారు పోయింది, ఆ తర్వాత పెద్దామె భర్త పోయాడు, చిన్నామె భర్త రిటైరై ఇంట్లో రేడియోలు విప్పి బిగించుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. పొయ్యి మాత్రం ఆరలేదు. వీధికంతా ఒకావిడ పెద్దమ్మ, ఇంకొకావిడ పిన్ని. చిన్నామె జుట్టు ఎప్పుడో తెల్లబడిపోయినా పెద్దామె నోట ఇంకా "చిన్నీ" అనే పిలుపే.

ఆ వంటింట్లో అత్తగారు పెట్టిపోయిన పద్ధతి ఒకటుంది. వండే మనిషి రుచి చూడకూడదు. పొద్దుట్నుంచీ ఆవిర్లో నిలబడ్డదానికి నాలుక మొద్దుబారిపోయి ఉంటుంది, పైగా తను వండింది తనకి ఎప్పుడూ బాగానే ఉంటుంది, అనేది ఆవిడ. అందుకని పెద్దకోడలు ఆవిరి వాసన పట్టి ఉప్పూ కారం వేసి వండాలి, చిన్నకోడలు రుచి చూడాలి. దించేముందు పెద్దామె గరిట పట్టుకొచ్చి "చెయ్యి చాపు" అంటుంది. చిన్నామె ఎడమ అరచెయ్యి చాపుతుంది. అందులో వేడివేడిగా రెండు చుక్కలు. నాకి, ఒక్క మాట చెప్పాలి. ఉప్పు చాలదు. పులుపు ఎక్కువైంది. సరిపోయింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో చెయ్యి కాలి ఏడ్చింది కూడా. ఇప్పుడు ఆ అరచెయ్యి మధ్యలో చర్మం దళసరిగా, నున్నగా, చెప్పు అడుగులా ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆమె చెప్పిన మాటకి పెద్దామె ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఉప్పు చాలదంటే వేసేది, ఎక్కువైందంటే తనని తాను తిట్టుకుని నీళ్ళు పోసేది. ఆ రెండు చుక్కల దగ్గర మాత్రం చిన్నామెదే పెద్దరికం.

ఆ పెద్దరికాన్నే చిన్నామె పాడుచేసుకుంది.

చలికాలంలో పెద్దామెకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు, మనిషిని మంచానికి అతికించేసింది. చిన్నామె ఒక్కతే వండి, ఒక్కతే వడ్డించి, ఎలాగో నెట్టుకొచ్చింది. తగ్గాక పెద్దామె గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి పొయ్యి ముందు నిలబడింది. ఆ రోజు బఠాణీల కూర చేసింది. "చెయ్యి చాపు" అంది. చిన్నామె నాలుకకి తగిలింది కూర కాదు, ఉప్పు. వట్టి ఉప్పు.

తలెత్తి చూస్తే ఎదురుగా అక్క మొహం. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు పెద్దవై, పరీక్షలో కాగితం ఇచ్చేసి నిలబడ్డ పిల్లలా ఉంది.

"సరిపోయింది అక్కా" అనేసింది చిన్నామె.

పెద్దామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పడుకున్నన్నాళ్ళూ ఇదే బెంగే నాకు. చెయ్యి పోయిందేమో, ఇక నేనెందుకూ పనికిరానేమో అని. పోలేదు కదూ?"

"నీ చెయ్యెక్కడికి పోతుందక్కా!"

ఆ ఒక్కరోజుకే అనుకుంది. నీరసం తగ్గితే అదే సర్దుకుంటుందిలే అనుకుంది. సర్దుకోలేదు. మర్నాడు చెప్పాలంటే, మరి నిన్న ఎందుకు చెప్పలేదంటుంది. ఆ మర్నాడు ఇంకా కష్టం. అబద్ధం అలా రోజురోజుకీ బరువెక్కింది. అక్క అటు తిరిగినప్పుడు చిన్నామె గిన్నెలో గబగబా నీళ్ళు కలిపేది. ఉప్పు పీలుస్తుందని బంగాళాదుంప ముక్కలు వేసి, వడ్డించేముందు ఏరి పారేసేది. వీలుకాని రోజున అలాగే వడ్డించేసి, తినేవాళ్ళ మొహాలు చూడలేక బల్లలు తుడుస్తూ కూర్చునేది. వాళ్ళు మంచివాళ్ళు, పెద్దమ్మ జబ్బుపడి లేచిందని తెలిసినవాళ్ళు. ఎవరూ ఏమీ అనలేదు. నీళ్ళు ఎక్కువ తాగారు, అన్నం ఎక్కువ కలుపుకున్నారు, మెల్లిగా రావడం తగ్గించారు. డిపో వాళ్ళు ఇళ్ళ నుంచి డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. దర్జీ ఒక్కడు మానలేదు. వాడికి మాటలు కావాలి, కూర ఎలా ఉన్నా పర్వాలేదు.

సరిగ్గా అప్పుడే ఎదురుగా ఆ పసుపుపచ్చ అట్ట వెలిసింది. పెద్దామెకి కారణం దొరికింది.

"చూశావుటే? ఇంకా తలుపైనా తియ్యలేదు, అప్పుడే నా గిరాకీ మింగేసింది. వీళ్ళంతా పొట్టలు ఖాళీ పెట్టుకుని దానికోసం కాచుకుని కూర్చున్నారు."

"తెరవని హోటల్ కోసం ఎవరైనా తిండి మానేస్తారా అక్కా?"

"మరింకెందుకు మానేశారంటావు? నువ్వే చెప్పు."

చిన్నామె ఏం చెబుతుంది? "ఎండలు కదా" అని గొణిగి గిన్నెలు తోమడానికి పోయింది.

పైగా ఆమె మనసులో ఇంకో దొంగతనం కూడా ఉంది. ఆ హోటల్ కోసం వీధిలో అందరికంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నది తనే. రోజూ ఉప్పునీళ్ళు నాకి నాకి విసిగిపోయిన నాలుక, దర్జీ చెప్పే కొబ్బరిపాలకి, వేరుశనగపప్పుకి ఎగిరెగిరి పడేది. అక్క నిద్రపోయే మధ్యాహ్నం వేళ కిటికీ దగ్గర నిలబడి అటే చూసేది. ఎదురుగా ఒక ఆడమనిషి, పొట్టిగా, చొక్కా చేతులు పైకి మడుచుకుని తలుపులకి ఆకుపచ్చ రంగు వేస్తోంది. మొగుడు నిచ్చెన పట్టుకున్నాడు. ఇద్దరూ వాళ్ళ భాషలో పోట్లాడుకుంటున్నారు. ఏ మూల వదిలేశావో చూడు అంటున్నాడని మాట తెలియకపోయినా తెలుస్తూనే ఉంది. ఏ దేశపు మొగుడైనా నిచ్చెన కిందనుంచి అదే అంటాడు.

ఒకరోజు పెద్దామె కూరగాయలకి వెళ్ళిన సమయం చూసుకున్నట్టుగా ఆ మనిషి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో మూతపెట్టిన చిన్న గిన్నె, చెంచా. మోచేతికి ఆకుపచ్చ రంగు మరక.

"పక్కవాళ్ళు... ముందు తినాలి. తర్వాత తెరుస్తాం" అంది, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ.

మూత తీస్తే గదంతా వాసన కమ్ముకుంది. నిమ్మగడ్డి, అల్లంలాంటిదేదో, పచ్చిమిరపకాయ. చిన్నామె ఒకసారి వీధి వైపు చూసి, గోడ చాటుకి జరిగి, అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి చాపింది. ఆవిడ వింతగా చూసి, చెంచాతో అరచేతిలోనే రెండు చుక్కలు పోసింది.

ఎన్నాళ్ళకి! నాలుక ఒళ్ళు విరుచుకుని లేచినట్టయింది. చెవుల దాకా కారం ఎక్కింది.

"ఏం కావాలి? చెప్పు" అంది ఆవిడ.

"ఇంకాస్త పులుపు" అంది చిన్నామె. ఆలోచించలేదు, మొహమాటపడలేదు, మాట దానంతటదే వచ్చేసింది.

ఆవిడ మొహం విచ్చుకుంది. గిన్నెతో సహా రోడ్డు దాటి పరిగెత్తి, నిమ్మకాయ పిండుకుని మళ్ళీ పరిగెత్తుకొచ్చింది. ఈసారి సరిగ్గా ఉంది. "మంచి నాలుక మీది" అంది తన నాలుక చూపిస్తూ. "మా ఆయన అన్నిటికీ బాగుంది, బాగుంది. నాకు ఏం లాభం?"

నవ్వుతూ అన్న మాటే. చిన్నామెకి మాత్రం ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ముక్కూమొహం తెలియని మనిషికి నిజం చెప్పడానికి క్షణం పట్టలేదు. తల్లి తర్వాత తల్లిలా చూసుకున్న అక్కకి చెప్పడానికి నోరు రాలేదు. గిన్నె ఖాళీ చేసింది, ఖాళీ చేసినందుకు ఇంకా సిగ్గుపడింది, కడిగి ఇచ్చి పంపేసింది. కిటికీలు తెరిచింది, తలుపులు తెరిచింది, కొంగుతో విసిరింది. వాసన పోతేనా? గోడలకి పట్టుకుని కూర్చుంది.

పెద్దామె సంచీ మోసుకుంటూ లోపలికి వచ్చింది. చిన్నామె ఊపిరి బిగపట్టుకుని నిలబడింది. ఇప్పుడంటుంది, ఏమిటే ఈ కంపు అని.

పెద్దామె వంకాయలు బల్ల మీద కుమ్మరించింది. "చూడు, ఎంత లేతవో" అంది. కూర్చుంది. నీళ్ళు తాగింది. ఆ నిమ్మగడ్డి వాసన మధ్యలో కూర్చుని ఏమీ తెలియని మనిషిలా తొడిమలు ఒలుచుకుంటోంది.

చిన్నామెకి అప్పుడు తెలిసింది. చెయ్యి తప్పడం కాదిది. అక్కకి వాసనే తెలియడం లేదు. అంటే రుచీ లేదు. చలికాలం నుంచీ ఈ మనిషి గడ్డి తిన్నట్టు తింటోంది, తగ్గాల్సిన నీరసంలో ఇదీ ఒకటి కాబోలని సరిపెట్టుకుంటోంది. ఎదురుగా కూర్చుని రోజూ కలిసి తినే తను, అన్నం సయిస్తోందా అక్కా అని ఒక్కసారైనా అడగలేదు. ఎందుకు అడగలేదు? అడిగితే మాట ఉప్పు దాకా వస్తుందని.

"ఆదివారం తాళాలాయన్ని భోజనానికి పిలిచాను" అంది పెద్దామె, వంకాయల్లోంచి తలెత్తకుండా.

తాళాలాయన అంటే గొడుగుల కొట్టు ఉన్న ఇంటి సొంతదారు. ఎప్పుడూ బొడ్డున తాళాల గుత్తి వేలాడేసుకుని తిరుగుతాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పనికి పోతే ఈ వంటింట్లోనే తిని పెరిగాడు.

"ఎందుకక్కా?"

"ఎందుకేమిటి? వాళ్ళ పొగగొట్టం మన వైపుకి పెడుతున్నారు. పొగంతా మన అన్నాల మీదకి రాదూ? వీల్లేదని చెబుతాను. నా మాట వాడు కాదనడు. మొన్న కదిపి చూశానులే. నీకు ఇష్టం లేకపోతే వాళ్ళని వేరేచోటు చూసుకోమంటాను పెద్దమ్మా అన్నాడు."

"రంగులు కూడా వేసుకున్నారు, పాపం."

"వేసుకుంటే? నా కంచంలో కూడు లాక్కుంటుంటే చూస్తూ కూర్చోనా?"

ఆదివారం దాకా చిన్నామె కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. కిటికీలోంచి చూస్తే ఆవిడ తలుపుకి రెండోపూత వేస్తోంది. ఇటు చూసి చెయ్యి ఊపింది. చిన్నామె చెయ్యి పైకి లేవలేదు.

ఆదివారం వచ్చింది. తాళాలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్ల దగ్గర కూర్చుని దర్జీతో లోకం సంగతులు మాట్లాడుతున్నాడు. లోపల పెద్దామె శ్రద్ధగా, తనకి తెలిసిన విద్యంతా పెట్టి వంకాయ కూర చేసింది. గరిట ముంచి, ఇటు తిరిగింది.

"చెయ్యి చాపు."

రెండు చుక్కలు. చిన్నామె నాకింది. నోట్లో ఉంచుకుంది. మింగింది. బయట తాళాలు గలగలమన్నాయి.

"చెప్పవేమే? వాడు ఆకలితో కూర్చున్నాడు."

"ఉప్పెక్కువైందక్కా."

"ఎంత? నీళ్ళు పోస్తే సరిపోతుందా?"

"చాలా ఎక్కువైంది." ఆగింది. ఆగితే ఇక చెప్పలేనని తెలిసి, కళ్ళు మూసుకుని చెప్పేసింది. "ఇవాళ ఒక్కటే కాదు. జ్వరం తగ్గి నువ్వు పొయ్యి దగ్గరికి వచ్చినప్పటినుంచీ ఇంతే. నేనే చెప్పలేదు. గిరాకీ పోయింది ఎదురింటివాళ్ళ వల్ల కాదక్కా. నా వల్ల."

పెద్దామె పొయ్యి కట్టేసింది. గరిట గిన్నెలో పెట్టేసింది.

"కూరలో బంగాళాదుంప ముక్కలు తగులుతుంటే ఎక్కడివా అనుకునేదాన్ని" అంది.

"అన్నీ ఏరేశాననుకున్నానక్కా."

"ఏరావు, ఏరావు. ఊళ్ళో అందరికీ తెలిసి, నాకొక్కదానికే తెలియకుండా ఏరావు." గొంతు పెరగలేదు. అరిచినా బాగుండును. "ఇప్పుడు చెబుతున్నది మాత్రం నిజమని ఎలా నమ్మమంటావు? నిన్నటిదాకా సరిపోయిందన్న నోరేగా ఇదీ!"

పెద్దామె ఒక గిన్నెలో కూర వేసుకుని, చెంచా పట్టుకుని, బల్లల మధ్యనుంచి నడుచుకుంటూ వీధిలోకి దిగింది. తాళాలాయన గొడవైపోతుందని గలగలలాడుతూ వెనక పరిగెత్తాడు. దర్జీ, టేపు సర్దుకుంటూ, ఇంత మంచి అవకాశం ఎవరు వదులుకుంటారన్నట్టు వాళ్ళ వెనక. చిన్నామె గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

థాయ్ ఆవిడ గుమ్మంలో కూర్చుని కొత్త గిన్నెలు తుడుచుకుంటోంది. ఎదురుగా ఇంటి సొంతదారు, పక్కన గిన్నె పట్టుకున్న పెద్దావిడ. భయంభయంగా లేచి నిలబడింది.

"తిను" అంది పెద్దామె. "తిని చెప్పు."

ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కనురెప్పలు టపటపలాడాయి. తాళాలాయన వైపు ఒకసారి చూసింది, కష్టపడి మింగింది, రెండు చేతులూ జోడించినంత పని చేసి "బాగుంది. చాలా బాగుంది" అంది. కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరిగాయి, చెయ్యి వెనక్కి పోయి నీళ్ళ సీసా తడుముకుంటోంది.

పెద్దామె ఆ మొహాన్ని కాసేపు చూసింది.

"నువ్వూ అంతేనా తల్లీ" అంది. తర్వాత పక్కకి తిరిగింది. "ఏరా, నువ్వు నా దగ్గర భోజనం మానేసింది అందుకేనా?"

తాళాలాయన తాళాలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. దర్జీ ఆకాశంలోకి చూశాడు.

థాయ్ ఆవిడకి విషయం అర్థమైందో లేదో, లోపలికి పోయి తను వండుకున్న సూపు ఒక కప్పులో తెచ్చి పెద్దామె చేతిలో పెట్టింది. గిన్నె తెచ్చినవాళ్ళని ఖాళీ చేతులతో పంపకూడదనుకుంది కాబోలు. పెద్దామె ఒక గుక్క తాగింది. ఏమీ లేదు. ఇంకో గుక్క తాగింది. ఉన్నట్టుండి దగ్గింది, మొహం ఎర్రబడింది, కళ్ళు తుడుచుకుంది.

"చిన్నీ!" అని రోడ్డు అవతలినుంచి కేక వేసింది. "కారం తెలుస్తోందే! ఇదొక్కటి తెలుస్తోంది!"

ఆ కేకలో ఉన్న సంతోషం చూసి చిన్నామె గుమ్మంలోనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. తిట్టి ఉంటే ఓర్చుకునేది.

"మరి పొగగొట్టం సంగతేం చెయ్యమంటావు పెద్దమ్మా?" అన్నాడు తాళాలాయన, భోజనం తప్పినందుకు లోలోపల ఊపిరి పీల్చుకుంటూ.

"పెట్టుకోనీ. పొగ వస్తే నాకేమైనా తెలిసి చచ్చిందా?" అని కప్పు ఖాళీ చేసింది పెద్దామె.

ఆ రోజు ఇక ఎవరికీ భోజనం వడ్డించలేదు. కూరంతా పారబోశారు. పెద్దామె చిన్నామెతో మాట్లాడలేదు, కానీ సాయంత్రం డాక్టరు దగ్గరికి బయల్దేరుతూ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది, తోడు రమ్మన్నట్టు. డాక్టరు ముక్కులో, నోట్లో టార్చి వేసి చూసి, వాసనా రుచీ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. వచ్చే దారిలో చిన్నామె "ఇక నుంచి నేను వండనా అక్కా" అంది. "వండితే రుచి ఎవరు చూస్తారు, నేనా?" అంది పెద్దామె. రోడ్డు అవతలినుంచి వేసిన ఆ కేక తర్వాత మొదటి మాట అది. అందులో నవ్వు ఉందో లేదో చిన్నామెకి తెలియలేదు.

ఎదురుగా ఆకుపచ్చ తలుపులు తెరుచుకున్న రోజున వీధంతా అక్కడే ఉంది. మర్నాడు సగంమంది ఇటు వచ్చారు. నోరు మండింది పిన్నీ, చల్లగా ఏమైనా పెట్టు అంటూ దర్జీ అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు.

లోపల కూర దించే వేళయింది. ఇప్పుడు ఉప్పు చెంచాతో కొలిచి వేస్తున్న పెద్దామె గరిటతో వచ్చింది.

"చెయ్యి చాపు."

చిన్నామె నాకింది. ఈసారి ఉప్పు సరిగ్గా పడింది. ఎక్కడా తేడా లేదు, అత్తగారు ఉన్న రోజుల్లోలా ఉంది.

"సరిపోయింది అక్కా."

పెద్దామె వెంటనే కదల్లేదు. ఇన్నేళ్ళూ ఆ మాట వినగానే అటు తిరిగి గిన్నె దించే మనిషి, గరిట పట్టుకుని అలాగే నిలబడింది. చిన్నామె కనురెప్పలు చూసింది, పెదాలు చూసింది, గొంతు ఎలా మింగిందో చూసింది. చిన్నామె ఆ చూపు కింద కదలకుండా నిలబడింది, నిజం చెప్పి కూడా అబద్ధమాడినదానిలా. బయట దర్జీ కంచం మీద వేళ్ళతో దరువు వేస్తున్నాడు.

"ఊఁ" అంది చివరికి పెద్దామె, అటు తిరిగి గిన్నె దించింది.